చిరునామా పోయిన కాగితాలు

2009 మార్చి 3, మంగళవారం. జర్మనీలో రైన్ నది ఒడ్డున కొలోన్ నగరం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. సెవెరిన్ వీధిలోని నగర చారిత్రక ఆర్కైవ్స్‌లో పాఠకులు పాత కాగితాల ముందు కూర్చున్నారు. భవనం ఎదుట, రోడ్డు కింద, పాతిక మీటర్లకు పైగా లోతున్న గోతిలో కొత్త మెట్రో లైను పని సాగుతోంది.

నీళ్ళు ముందుగా కనిపించింది గోతి అడుగున ఉన్న పనివాళ్ళకే. అది మామూలు ఊట కాదు. నీళ్ళతో పాటు ఇసుక, మట్టి కొట్టుకొచ్చేస్తున్నాయి. ఇంత మట్టి ఇటు వస్తోందంటే అటు ఎక్కడో ఖాళీ పడుతోందన్నమాట. ఆ ఖాళీ పడుతున్నది పక్కనున్న భవనం పునాదుల కింద. పనివాళ్ళు పైకి పరిగెత్తారు. పరిగెత్తినవాళ్ళు తమ దారిన తాము పోలేదు. రోడ్డు మీద వెళ్తున్నవాళ్ళను హెచ్చరించారు, ఆర్కైవ్స్‌లో ఉన్నవాళ్ళను బయటికి రమ్మని కేకలు పెట్టారు. ఉద్యోగులు, పాఠకులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే లేచి బయటపడ్డారు. అందుకు దొరికిన వ్యవధి కొద్ది నిమిషాలే.

1 గంట 58 నిమిషాలకు భవనం ముందుకు వాలి గోతిలోకి కూలింది. పక్కనున్న ఇళ్ళనూ లాక్కుపోయింది. ఆర్కైవ్స్‌లో ఉన్నవాళ్ళందరూ బతికారు. పక్క ఇళ్ళలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరికి పదిహేడేళ్ళు, ఒకరికి ఇరవై నాలుగు, శిథిలాల కింద చనిపోయారు. వాళ్ళ కోసం వెతుకులాట రోజుల తరబడి సాగింది. ఈ కథలో మిగతాదంతా కాగితాల గురించే కాబట్టి ఈ సంగతి ముందే చెప్పాలి: మొదటి రోజుల్లో అక్కడ ఎవరూ కాగితాల కోసం తవ్వలేదు, మనుషుల కోసం తవ్వారు. ఏ దేశంలోనైనా ఆ వరస అంతే, అలాగే ఉండాలి కూడా. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుందని తెలిసీ ఆర్కైవ్స్ వాళ్ళు తాడు కట్టిన గీతకు ఇవతల నిలబడి చూడాల్సి వచ్చింది.

గోతిలో పడ్డదేమిటంటే, ఒక ఊరి వెయ్యేళ్ళ జ్ఞాపకం. అరలన్నీ వరసగా పేరిస్తే ముప్ఫై కిలోమీటర్లు. క్రీ.శ. 922 నాటి దస్తావేజు దగ్గర మొదలవుతుంది. మైనపు ముద్రలు వేలాడే తోలు పత్రాలూ పాత శాసన పత్రాలూ కలిపి 65,000. లక్షకు పైగా పటాలు, ప్లాన్లు. ఐదు లక్షల ఫొటోలు. మధ్యయుగపు తత్త్వవేత్త ఆల్బెర్టస్ మాగ్నస్ స్వదస్తూరీ అందులోనే ఉంది. హెర్మన్ వైన్స్‌బెర్గ్ అనే పదహారో శతాబ్దపు పెద్దమనిషి తాను తిన్నదీ తాగిందీ, కట్టుకున్న బట్టలూ, ఇరుగుపొరుగు సంగతులూ ఏళ్ళ తరబడి రాసి పెట్టిన పుస్తకాలూ అందులోనే ఉన్నాయి. రాజుల కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయి కానీ ఇలాంటి సంసారి కాగితాలు దొరకడమే అపురూపం. నోబెల్ రచయిత హైన్రిష్ బోల్ ఆ ఊరివాడు. ఆయన కాగితాల్లో కుటుంబం దగ్గర మిగిలి ఉన్న భాగాన్ని నగరం కొనుక్కుని ఆర్కైవ్స్‌లో పెట్టింది. ఎప్పుడు? కూలడానికి కొన్ని వారాల ముందు.

ఇక్కడో విడ్డూరం ఉంది. ఇదే ఆర్కైవ్స్ రెండో ప్రపంచ యుద్ధాన్ని దాదాపు ఏ నష్టమూ లేకుండా దాటింది. కొలోన్ మీద జరిగిన విమాన దాడులు 262. 1942 మే ఆఖరున ఒక్క రాత్రి వెయ్యి విమానాలు వచ్చి పడ్డాయి. పాత ఊరు తొంభై శాతం నేలమట్టమైంది. కాగితాలు మాత్రం బతికాయి, ఎందుకంటే వాటిని ముందే కట్టలు కట్టి, పెట్టెల్లో పెట్టి, ఊరు దాటించారు. బాంబులు పడతాయని తెలుసు గనక సిద్ధపడ్డారు. 2009లో యుద్ధం లేదు, వరద లేదు, నిప్పు లేదు. మామూలు మంగళవారం. ఆ రోజు కోసం ఎవరు సిద్ధపడతారు?

సూచనలేమీ లేవా అంటే, ఉన్నాయి. 2004లో అదే మెట్రో పనుల వల్ల అదే పేటలో సెయింట్ యోహాన్ బాప్టిస్ట్ చర్చి గోపురం ఒరిగిపోయింది. తర్వాత దాన్ని నిలబెట్టారు. ఊళ్ళో జనానికి కొన్నాళ్ళు అదో వేడుక. ఆర్కైవ్స్ గోడల్లోనూ పగుళ్ళు కనిపించాయి. నిపుణులు వచ్చి చూశారు. భవనం నిలకడకు ముప్పేమీ లేదన్న అభిప్రాయం వచ్చింది. ఇలాంటి నివేదిక చేతికొచ్చాక ఏ అధికారికైనా ప్రాణం కుదుటపడుతుంది. అదే దాంతో ఉన్న చిక్కు. గోడ నిలుస్తుందా లేదా అని ఇంజనీరును అడిగారు. నిలవకపోతే లోపలి సరుకు గతేమిటన్న ప్రశ్న వేరు, దాన్ని అడగాల్సిన మనిషి వేరు. ఆ రెండోది అడగడానికి పగులు నిర్ధారణ అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

అసలు కారణం తేలడానికి ఏళ్ళు పట్టింది. గోతి చుట్టూ మట్టి జారకుండా నేలలోకి కాంక్రీటు గోడ దించుతారు, పలకలు పలకలుగా. ఒక పలక కోసం తవ్వుతుండగా పెద్ద బండరాయి అడ్డొచ్చింది. అక్కడ గోడ పూర్తిగా కుదరలేదు, లోపల మట్టి ముద్ద ఉండిపోయింది. ఆ సందులోంచే కొన్నేళ్ళ తర్వాత భూగర్భ జలం దారి చేసుకుంది. 2018లో కొలోన్ కోర్టు తేల్చింది ఇదే. నిర్మాణ సంస్థలు 2020లో నగరానికి 60 కోట్ల యూరోలు ఇచ్చి రాజీకి వచ్చాయి. కేసులు, అప్పీళ్ళు వేరే పెద్ద కథ. అందులోకి ఇప్పుడు వెళ్ళను.

మనుషుల వెతుకులాట ముగిశాక కాగితాల వంతు వచ్చింది. శిథిలాల మీద తాత్కాలికంగా పైకప్పు వేశారు. అగ్నిమాపక దళం వాళ్ళు ఇటుకా ఇనుమూ తీస్తూ, మధ్యలో కాగితం కనిపిస్తే చేత్తో ఏరారు. యంత్రంతో ఎత్తిన శిథిలాన్ని వేరే చోట పరిచి మళ్ళీ వెతికారు. దొరికినదాన్ని ఊరి అంచున ఒక పెద్ద గిడ్డంగికి చేర్చారు. అక్కడ బల్లల ముందు నిలబడ్డవాళ్ళు ముక్కుకు గుడ్డలు, చేతులకు తొడుగులు వేసుకున్నారు. జర్మనీ నలుమూలల నుంచి, పొరుగు దేశాల నుంచి ఆర్కైవ్స్ ఉద్యోగులు, పుస్తకాల మరమ్మతు తెలిసినవాళ్ళు, విద్యార్థులు, సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు వాళ్ళలో.

వాళ్ళకు తెలిసింది ఏమిటంటే తడి కంటే దుమ్ము మొండిది. కాంక్రీటు నుజ్జయితే వచ్చే దుమ్ముకు సున్నంలా కొరికే గుణం ఉంది. కాగితం పోగుల్లోకి దిగి కూర్చుంటుంది. కడిగితే ఇంకా లోపలికి పోతుంది. అందుకే పొడి కాగితాన్ని పొడిగానే శుభ్రం చేయాలి: మెత్తటి కుంచె, రబ్బరు స్పాంజి, గాలి పీల్చే గొట్టం, ఒక్కో పేజీకి రెండు వైపులా. తడి కాగితం సంగతి వేరు. దాన్ని విప్పకూడదు, ఆరబెట్టకూడదు, విడదీయాలని అస్సలు చూడకూడదు. ఉన్నదున్నట్టు పల్చటి ప్లాస్టిక్ పొరలో చుట్టి, సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి చల్లార్చి గడ్డకట్టించాలి. గడ్డకట్టిన కాగితంలో బూజు కదలదు, సిరా పాకదు. అక్కడితో కాలం ఆగినట్టే. తర్వాత నెలకో, రెండేళ్ళకో, తీరిక దొరికినప్పుడు గాలి తీసేసిన గదిలో పెడతారు. మంచు నీరుగా మారకుండానే ఆవిరై వెళ్ళిపోతుంది. కొలోన్ కాగితాలను ఇలా ఆరబెట్టిన చోట్లలో మ్యూన్‌స్టర్ ఒకటి.

ఈ విద్య ఊరికే రాలేదు. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది ఫ్లారెన్స్ జాతీయ గ్రంథాలయంలోకి చొరబడ్డప్పుడు పుస్తకాలను గడ్డకట్టించే పద్ధతి ఎవరూ వాడలేదు. పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో వేడి పెట్టి ఆరబెట్టారు. చాలా అట్టలు వంకర్లు పోయాయి, తోలు బిగుసుకుంది. అక్కడ పనిచేసిన ఇంగ్లీషు బైండరు పీటర్ వాటర్స్ తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్ళి, నీళ్ళపాలైన పుస్తకాలను ఎలా కాపాడాలో 1975లో చిన్న మార్గదర్శిని రాశాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1972 జూన్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలో కోర్నింగ్ గాజు మ్యూజియం ఐదడుగుల పైచిలుకు వరద నీళ్ళలో మునిగితే అక్కడి పుస్తకాలను ఫ్రీజర్లలో పెట్టారు. 2004 సెప్టెంబరు 2 రాత్రి జర్మనీలోనే వైమార్‌లో అన్నా అమాలియా గ్రంథాలయం తగలబడి 50,000 పుస్తకాలు బూడిదైనప్పుడు, తడిసి కాలి మిగిలినవాటిని లైప్‌జిగ్ తీసుకెళ్ళి గడ్డకట్టించారు. ఒక ఊరి మునక ఇంకో ఊరికి పాఠమవుతూ వచ్చింది. మనకూ ఈ పాఠం పరాయిది కాదు. కొలోన్ కూలిన ఆ 2009లోనే, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఇళ్ళలో ఇనప్పెట్టెల్లో ఉన్న పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు బురద ముద్దలయ్యాయి. ముద్దను ముద్దగానే చల్లబెట్టాలని, ఎండలో విప్పకూడదని అప్పుడు చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా ఊహించగలిగేదే. ఊహకు అందనిది తర్వాత మొదలైంది.

లెక్క చూస్తే కొలోన్ అదృష్టవంతురాలు. మొదటి నెలల్లోనే సరుకులో చాలా భాగం బయటికొచ్చింది. భూగర్భ జలంలో మునిగిపోయిన మిగతాదాని కోసం ప్రత్యేకంగా కట్టడం కట్టి, 2011 దాకా నీళ్ళలోంచి తీశారు. మొత్తం కలిపితే 95 శాతం దొరికింది. దొరికినదాంట్లో 15 శాతానికి దెబ్బ తక్కువ, సగానికి ఓ మోస్తరు, 35 శాతానికి చాలా ఎక్కువ. ఇంత ఘోరంలో ఐదు శాతమే పోయిందంటే గెలిచినట్టే కదా అనిపిస్తుంది.

కానీ ఆర్కైవ్స్ అంటే కాగితాల గుట్ట కాదు. ప్రతి కాగితానికీ ఒక చిరునామా ఉంటుంది: ఫలానా శాఖ, ఫలానా కట్ట, ఫలానా ఫైలు, అందులో ఫలానా వరస. 1631 నాటి ఒక ఉత్తరం విడిగా చేతికొస్తే అదొక ఉత్తరం. ఏ తగాదా ఫైల్లో, ఏ అర్జీ తర్వాత, ఏ తీర్పు ముందు ఉందో తెలిస్తేనే అది సాక్ష్యం. భవనం కూలిన కొద్ది క్షణాల్లో ముప్ఫై కిలోమీటర్ల వరస చెరిగిపోయింది. పన్నెండో శతాబ్దం తోలు పత్రం పక్కన 1970ల పన్ను రసీదు. బోల్ రాత కాగితం ఎవరిదో ఇంటి ప్లానుకు అంటుకుని ఉంది. పేకముక్కలు ఎవరో గాలిలోకి విసిరేసినట్టు. కాగితం దొరికింది, చిరునామా పోయింది.

నన్నడిగితే, ఈ విపత్తులో అసలు నష్టం ఆ ఐదు శాతంలో లేదు. మిగిలిన తొంభై ఐదులోనే ఉంది.

గిడ్డంగి బల్ల మీద శుభ్రమైన ప్రతి ముక్కకూ ఒక బార్‌కోడు అంటించారు. అది పాత చిరునామా కాదు, పాతది దొరికేదాకా తాత్కాలికంగా ఇచ్చిన పేరు. దొరికిన వరసలోనే పెట్టెల్లోకి ఎక్కించారు. అంత సరుకుకు కొలోన్‌లో చోటు లేదు. వేరే ఊళ్ళ ఆర్కైవ్స్ తలుపులు తీశాయి. వాటిని అక్కడ ‘ఆశ్రయ ఆర్కైవ్స్’ అన్నారు. యుద్ధంలో ఇల్లు వదిలిన మనుషులకు వాడే మాట. దాంతో ఒకే ఫైలు తొలి పేజీలు ఒక ఊళ్ళో, మధ్యవి మరో ఊళ్ళో, చివరివి ఫ్రీజర్లో ఉండే పరిస్థితి వచ్చింది. కొలోన్ ఉద్యోగులు ఊరూరూ తిరిగి పెట్టెలు విప్పి, ఇది ఏ కాలం కాగితం, ఎవరి దస్తూరీ, అంచున పాత నంబరేమైనా మిగిలిందా అని చూసి కంప్యూటర్లోకి ఎక్కించారు. అంచున నంబరు రాసి ఉంటే ఒక్క నిమిషం పని. లేకపోతే చదవాలి, ఆలోచించాలి, గుర్తుపట్టాలి.

ఇక్కడే పాత గుమాస్తాల విలువ తెలిసింది. ఎప్పుడో ఎవరో విసుక్కుంటూ, ప్రతి కాగితం మూల పెన్సిలుతో నంబరు వేసుకుంటూ పోయారు. అట్ట మీద మాత్రమే నంబరు ఉన్న కట్టలు అట్ట ఊడగానే అనాథలయ్యాయి. లోపలి ప్రతి పేజీకీ నంబరున్నవి ఇంటికి చేరాయి. రికార్డు రూముల్లో పనిచేసేవాళ్ళు చదువుతుంటే ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా వ్యాసం మర్చిపోయినా ఫరవాలేదు.

వీటన్నిటికంటే కష్టమైనవి ముక్కలు. చింపులు, పీలికలు, గోటి పాటి తునకలు, లక్షల్లో. వీటికి ఉద్యోగులు పెట్టుకున్న ముద్దు పేరు ‘కొలోన్ ఫ్లేక్స్’. నవ్వుతూనే పెట్టి ఉంటారు, లేకపోతే రోజూ వాటి ముందు కూర్చోవడం కష్టం. కూలిపోతున్న తూర్పు జర్మనీ రహస్య పోలీసులు ఆఖరి రోజుల్లో చించి సంచుల్లో పడేసిన ఫైళ్ళను అతికించడానికి బెర్లిన్‌లో కంప్యూటర్ పద్ధతి ఒకటి తయారైంది. ఆ దారిలోనే కొలోన్ ముక్కలనూ రెండు వైపులా స్కాన్ చేసి, అంచుల ఆకారం, కాగితం రంగు, సిరా, గీతల దూరం పోల్చి తెర మీద జత కలిపే ప్రయత్నం మొదలైంది. యంత్రం జత చూపుతుంది, అవునో కాదో మనిషే చెప్పాలి.

కాగితం దొరకని చోట దాని నీడైనా ఉందా? కొంతవరకు ఉంది. ఫ్రైబుర్గ్ దగ్గర ఓబెర్‌రీడ్ అనే ఊళ్ళో, నల్ల అడవి కొండల్లో, వాడకం మానేసిన పాత వెండి గని ఉంది. దాని పేరు బార్బరా సొరంగం. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1961 నుంచీ దేశంలోని ముఖ్యమైన దస్తావేజులను మైక్రోఫిల్మ్ తీయించి, 1975 నుంచి తుప్పు పట్టని ఉక్కు పీపాల్లో మూసి ఆ కొండ కడుపులో పెడుతూ వచ్చింది. అణుయుద్ధ భయం రోజుల్లో మొదలైన పని. యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడే 1954 హేగ్ ఒప్పందం కింద ప్రత్యేక రక్షణ పొందిన చోటు జర్మనీలో అదొక్కటే. ఆ పీపాల్లో కొలోన్ ఆర్కైవ్స్ పాత దస్తావేజుల బొమ్మలు ఉన్నాయి. కూలిపోతుందని ఎవరూ అనుకోని రోజుల్లో, ఎవరూ ఎన్నడూ అడగని రీళ్ళను, ఏటా పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్ళినవాళ్ళ వల్ల ఇది సాధ్యమైంది.

అలాగని సొరంగం సర్వరోగ నివారిణి కాదు. ఫిల్ములు ఎక్కువగా 1945 ముందరి సరుకువి. అవి నలుపు తెలుపు. మైనపు ముద్ర రంగు, కాగితం నీటిగుర్తు అందులో కనిపించవు. బోల్ కాగితాలలాంటి కొత్త సేకరణలు అందులో లేనే లేవు.

రెండో నీడ జనం దగ్గర దొరికింది. ఆ ఆర్కైవ్స్‌లో కూర్చుని పరిశోధన చేసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళ బీరువాల్లో జెరాక్సులు, ఫొటోలు, నోట్సులు ఉన్నాయి. కూలిన కొద్ది రోజులకే బాన్ విశ్వవిద్యాలయం వాళ్ళూ మరికొందరూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక వేదిక పెట్టి, మీ దగ్గరున్నవి ఇక్కడ చేర్చండని అడిగారు. పాఠకుడు ఆర్కైవ్స్‌కు అప్పు తీర్చడం అంటే ఇదే కాబోలు. ఇది తోచగానే మన ఊళ్ళో నాకు తెలిసిన కొన్ని గ్రంథాలయాలు ఫోన్‌తో ఒక్క పేజీ ఫొటో తీయనివ్వకపోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. పుస్తకానికి దెబ్బ తగులుతుందని అంటారు. నిజమే, కొన్నిటికి తగులుతుంది. ఆ పుస్తకమే లేకుండా పోయిన రోజున ఆ ఫొటో ఒక్కటే మిగులుతుందన్నది మాత్రం ఎవరి రూల్సులోనూ లేదు.

కొత్త భవనం ఐఫెల్‌వాల్ అనే చోట 2021 సెప్టెంబరు 3న తెరుచుకుంది. కూలినప్పటి నుంచి పన్నెండున్నరేళ్ళు. మరమ్మతు గదులు అందులోనే ఉన్నాయి, ఎందుకంటే పని ఇంకా దశాబ్దాలు సాగుతుంది. 2009లో గిడ్డంగి బల్ల ముందు కుంచె పట్టుకున్న విద్యార్థి ఉద్యోగంలో చేరి పదవీ విరమణ చేసినా పూర్తవుతుందన్న హామీ లేదు. పాఠకుడు వెళ్ళి ఒక ఫైలు అడిగితే, ఇదిగో అని ఇచ్చేవి కొన్ని, తెర మీద మాత్రమే చూపించేవి కొన్ని, ఇంకా బాగు కావాలి అని చెప్పేవి కొన్ని.

కొలోన్ ఇంకోటి కూడా చేసింది. ఊళ్ళోని ఆర్కైవ్స్, మ్యూజియాలు, గ్రంథాలయాలు ఒకరికొకరు సాయం పడతామని ఒప్పందం రాసుకున్నాయి. అగ్నిమాపక దళంతో కలిసి ఒక కంటైనర్ తయారు చేయించుకున్నాయి. లారీ మీదికి ఎక్కించి ఎక్కడికైనా దించొచ్చు. అందులో మడత బల్లలు, బురద కడిగే ఏర్పాటు, ప్లాస్టిక్ చుట్టలు, చేతి తొడుగులు, చీటీలు ఉంటాయి. 2021 జులై మధ్యలో, కొత్త భవనం తెరవడానికి ఇంకా ఏడు వారాలుండగా, పశ్చిమ జర్మనీలో కుంభవృష్టి కురిసింది. స్టోల్‌బెర్గ్ అనే చిన్న ఊళ్ళో విష్ట్ వాగు పొంగి నగర ఆర్కైవ్స్‌ను ముంచింది. కొలోన్ కంటైనర్ అక్కడికి వెళ్ళింది. ఈసారి ఏం చేయాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. బల్లలు వేసి, బురద కడిగి, తడి కట్టలను ఉన్నదున్నట్టు చుట్టి, నంబరు చీటీ పెట్టి, గడ్డకట్టించడానికి పంపడం మొదలుపెట్టారు.